మీకు తెలుసా? పెన్సిలిన్‌కు లొంగని న్యుమోనియా

న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియా మీద పెన్సిలిన్ ఎంత వాడినా పనిచేయదు. దాని పేరు మైకోప్లాస్మా న్యుమోనియే.

■ పెన్సిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులు బ్యాక్టీరియాను కణగోడ కట్టుకోనివ్వకుండా చంపుతాయి. దీనికి అసలు కణగోడే లేదు.

■ 1944లో అమెరికాలో మన్రో ఈటన్ బృందం దీన్ని గుర్తించింది. బ్యాక్టీరియాను ఆపే వడపోతలోంచి కూడా జారిపోవడంతో చాలాకాలం వైరస్ అనే అనుకున్నారు. 1962లో జీవకణాలు లేకుండానే ప్రయోగశాలలో పెంచగలిగాక ఆ అనుమానం తీరింది.

■ ఇది సోకినవారిలో చాలామంది మంచం పట్టరు. దగ్గుతూనే పనులకు వెళ్తుంటారు. అందుకే దీన్ని ‘వాకింగ్ న్యుమోనియా’ అంటారు.

అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటివి దీనిపై పనిచేస్తాయి. అయితే ఎవరికి ఏది సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. పాత చీటీ చూపించి మందుల షాపులో కొనకండి.