దూలము వంగునా, విరుగునా?

నల్లగొండ చెంతనున్న పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయమునకు పోవువారు గర్భగృహమున పడు నీడను చూచి వింతపడుదురు. ఒకసారి తలయెత్తి కప్పును మోయు రాతిదూలములను గూడ చూడవలెనని శ్రోతలకు మా మనవి. కందూరు చోడుల కాలపు ఈ ఆలయమునందును, పచ్చల సోమేశ్వరమునందును స్తంభములు దగ్గరదగ్గరగా నిలిచియున్నవి. అది శోభకొరకు మాత్రమే కాదు.

దూలముపై బరువు పడగా పైయంచు నొక్కుకొనును, అడుగంచు సాగును. రాయి నొక్కుడునకు ఓర్చినంతగా సాగుడునకు ఓర్వదు. 3 మీటర్ల ఎడమున, 45 సెంటీమీటర్ల ఎత్తుగల గ్రానైటు దూలమొకటి యున్నదనుకొందము. తన బరువుచేత అది నడుమ వంగునది మిల్లీమీటరులో సుమారు 30వ వంతు మాత్రమే. కప్పుబరువు చేరినను ఆ వంపు కంటికి ఆనదు. రాయి వంగి హెచ్చరింపదు, ఒక్కమారుగా విరుగును.

కొయ్య, ఇనుము, సిమెంటు కాంక్రీటు అట్లు కావు. వీని వంపును కాగితముపై లెక్కించుట సులభమే. రెండు కొసలను ఊతగొన్న దూలముపై బరువు సమముగా పరచుకొనియున్నచో, మీటరు బరువును ఎడముయొక్క నాలుగవ ఘాతముతోను 5తోను గుణించి, 384తోను దూలపు బిగువుతోను భాగింపవలెను. ఎడము రెట్టింపైన వంపు 16 రెట్లగును. దూలపు ఎత్తు రెట్టింపైన వంపు 8వ వంతునకు దిగును. వెడల్పు రెట్టింపైన సగమే తగ్గును. పలకను పరుండబెట్టక నిలువున నిలుపు వడ్రంగికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

బరువు తీరు మారినచో సూత్రము మారును. అప్పుడు బెండింగ్ మొమెంట్ పటము గీసి, దాని వైశాల్యమునుండి వంపును రాబట్టుదురు. 1873లో అమెరికాలో చార్లెస్ గ్రీన్ చూపిన త్రోవ ఇది.

అసలు చిక్కు స్తంభములు, దూలములు ఒకటిగా బిగిసిన చట్రములలో నున్నది. ఒకటి వంగిన పొరుగుదియు మెలిపడును. సమీకరణములు గుట్టలుగా పెరుగును. 1930లో హార్డీ క్రాస్ దీనికి చక్కని ఉపాయము చెప్పెను. కీళ్ళన్నియు బిగించినట్లు భావించి, ఒక్కొక్కదానినే విడిచి, అక్కడ మిగిలిన మొమెంటును కూడిన దూలములకు, స్తంభములకు వాని బిగువుకొలది పంచి, అందు సగమును ఆవలికొసకు పంపవలెను. ఊరిపెద్ద తగవు తీర్చినట్లే; ఒక్కొక్క తడవకు మిగులు తగ్గుచు పోవును.

నేడు కంప్యూటరు ఈ పని క్షణములో చేయును. అయినను అంకె తప్పుగా నొక్కినచో అది తప్పునే చక్కగా లెక్కించును. నడిమి స్తంభము తీసి గది పెంచగోరు ఇంటివారికి చేతిలెక్క చాలును: 3 మీటర్ల ఎడమున 4 మిల్లీమీటర్లు వంగు దూలము, మీటరుకు అంతే బరువున్నను, 6 మీటర్లకు 64 మిల్లీమీటర్లు వంగును. కాంక్రీటు కట్టడములకు భారతీయ ప్రమాణము అనుమతించునది ఎడములో 250వ వంతు, అనగా 24 మాత్రమే.