కంప్యూటరు వ్రాతప్రతుల శిథిలోద్ధరణము

తాళపత్ర గ్రంథములను ప్రతిచేసిన లేఖకులు తుదిపత్రమున తరచుగా ఒక విన్నపము వ్రాసెడివారు. నూనె అంటనీయవద్దు, నీరు సోకనీయవద్దు, కట్టు సడలనీయవద్దు, తెలియనివాని చేతికీయవద్దు అని పుస్తకమే చదువరిని వేడుకొనుచున్నట్లు ఆ విన్నపముండును. నేటి రచయిత వ్రాత తాటియాకుమీద లేదు. కథలు, నవలలు, సంపాదకులతోను సాటి రచయితలతోను జరిగిన ఉత్తరప్రత్యుత్తరములు కంప్యూటరులో ఫైళ్లుగా ఉన్నవి. ఒకనాడు ఆ ఫైలు తెరచుకొనదు. అప్పుడు కొందరు అంతయు పోయినదని ఆశ వదలుకొందురు. మరికొందరు చేతికందిన సాధనముతో అప్పటికప్పుడు బాగుచేయబూనుదురు. రెండును నష్టకరములే. ఫైలు తెరచుకొనకపోవుట వేరు, అందలి వ్రాత నశించుట వేరు. మొదటిది జరిగినంతమాత్రమున రెండవది జరిగినట్లు కాదు. ఉన్నదానిని చెడగొట్టకుండ వెలికితీయుట ఎట్లు, లేనిదానిని గూర్చి నిజాయితీగా వ్యవహరించుట ఎట్లు అను రెండు విషయములను ఈ వ్యాసమున వివరింతును.

ముందుగా ఉత్తరముల సంగతి. ఈమెయిలు ప్రోగ్రాములు పెక్కింటిలో ఉత్తరములు ఒకచోట, వాని సూచిక మరియొకచోట ఉండును. థండర్‌బర్డ్ అను ప్రోగ్రామునే తీసికొందము. అందు సాధారణముగా ఒక్కొక్క అరలోని ఉత్తరములన్నియు ఒకే పొడవైన ఫైలులో ఒకదానివెనుక నొకటి చేర్చబడియుండును. దీనికి ఎంబాక్స్ పద్ధతియని పేరు. ప్రతి ఉత్తరమును 'ఫ్రమ్' అను ఆంగ్లపదముతో మొదలగు పంక్తితో ఆరంభమగును. కావున ఒకటి ముగిసి వేరొకటి మొదలైన చోటును కంటితోనే గుర్తింపవచ్చును. ప్రక్కనే ఎమ్మెసెఫ్ అని పేరు ముగియు చిన్న ఫైలు సూచికగా నుండును. సూచిక చెడినపుడు అర ఖాళీగా కనబడవచ్చును. ఒక ఉత్తరము పేరు నొక్కగా వేరొకటి తెరచుకొనవచ్చును. అట్టియెడ ప్రోగ్రామును మూసి, రెండు ఫైళ్లకును నకళ్లు తీసి, సూచికను మాత్రము తొలగింపవలెను. మరల తెరచినపుడు ప్రోగ్రాము ఉత్తరములను మొదటినుండి చదివి క్రొత్త సూచిక కూర్చుకొనును. ఇంకొక విశేషము కలదు. మనము తొలగించిన ఉత్తరము సయితము ఆ పొడవైన ఫైలునుండి వెంటనే చెరిగిపోదు. తొలగింపబడినదను గుర్తుమాత్రము పడును. 'కాంపాక్ట్' అను ఆజ్ఞతో ఫైలును కుదించినపుడే అది నిజముగా పోవును. కనుక పోయిన ఉత్తరమును వెదకదలచినవారు ముందుగా ఆ కుదింపును జరుగనీయరాదు.

ఔట్‌లుక్ పద్ధతి వేరు. అందు ఉత్తరములు, చిరునామాలు, సూచిక అన్నియు పీఎస్టీ అను ఒకే ఫైలులో చిన్న డేటాబేసుగా అల్లుకొనియుండును. 2003 సంవత్సరపు ఔట్‌లుక్‌కు ముందున్న రూపమున ఈ ఫైలు రెండు గిగాబైట్లు మించరాదు. ఆ హద్దు చేరిన ఫైళ్లు తెరచుకొనక మొరాయించెడివి. అట్టి ఫైలు నకలునుండి కొంతభాగము కోసివేసి మిగిలినదానిని తెరచుటకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఒక సాధనమును ఇచ్చెను. కోసిన భాగమందలి విషయము ఆ నకలులో మరి దక్కదు. ఔట్‌లుక్‌తోనే వచ్చు మరమ్మతు సాధనమునకు స్కాన్‌పీఎస్టీ అని పేరు. ఏ అరలోనివో తెలియని ఉత్తరములను అది 'లాస్ట్ అండ్ ఫౌండ్' అను అరలో చేర్చును. కాని అది దిద్దునది మూలఫైలునే. మరమ్మతుకు ముందు నకలు తీయవలెనాయని అది అడుగును. ఆ ప్రశ్నకు తప్పక అవుననియే చెప్పవలెను.

డేటాబేసులలో నేడు ఎల్లెడల వాడబడుచున్నది ఎస్‌క్యూలైట్. 2000 సంవత్సరమున రిచర్డ్ హిప్ దీనిని వెలువరించెను. సెల్‌ఫోనులందలి సందేశములు, చిరునామాలు పెక్కు ఈ రూపముననే నిలువయుండును. ఈ ఫైలు సమానపరిమాణము గల పుటలుగా విభజింపబడియుండును. ఒక పుట తనక్రింది పుటల సంఖ్యలను చెప్పును. అవి తమక్రిందివానిని చెప్పును. ఈ విధముగా ఫైలంతయు కొమ్మలు గల చెట్టువలె నుండును. నడుమ నొక పుట చెడినచో దానిక్రింది కొమ్మకు దారి తెగును. సాధారణముగా ప్రోగ్రాము అక్కడనే ఆగిపోవును. ఆ కొమ్మలోని పుటలు మాత్రము ఫైలులో చెక్కుచెదరక ఉండవచ్చును. 2019 జూలైలో వెలువడిన 3.29 కూర్పునుండి దీనికి 'రికవర్' అను ఆజ్ఞ కలదు. అది తెగిన దారిని నమ్ముకొనక, పుటపుటను విడిగా పరిశీలించి, దొరికిన వరుసలను క్రొత్త డేటాబేసునకు తగినట్లు వ్రాసియిచ్చును; పాతఫైలును ముట్టదు. ఏ పట్టికకు చెందినవో తెలియని వరుసలను వేరొక పట్టికలో చేర్చును. త్రాడు తెగి, పత్రసంఖ్యలు చెరిగి చెల్లాచెదరైన తాటియాకులను పండితుడు ఒక్కొక్కటిగా చదివి, గ్రంథమేదో తేలినవానిని ఆ గ్రంథముతోను, తేలనివానిని వేరుగాను కట్టుటవంటి పనియే ఇది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరము. డేటాబేసు ప్రక్కన 'జర్నల్' అని గాని 'వాల్' అని గాని పేరు ముగియు ఫైలు కనబడినచో అది చెత్తయని తలపరాదు. సగములో నిలిచిన మార్పును వెనుకకు త్రిప్పుటకు కావలసిన పాతవ్రాతయో, మూలమున ఇంకను చేరని క్రొత్తవ్రాతయో అందుండును. దానిని తొలగించుటవలననే మంచి డేటాబేసు చెడుట కలదు. కావున రెండింటిని కలిపియే నకలు తీయవలెను. రెండవది, రికవర్ ఆజ్ఞ తెచ్చిన దానిలో రచయిత పూర్వము తొలగించిన వరుసలు సయితము తిరిగి రావచ్చును. రచయిత కొట్టివేసిన పంక్తిని అతని తుదిపాఠముగా అచ్చువేయుట ఎంత తప్పో, ఇట్టి వరుసలను సరిచూడక చేర్చుటయు అంతే తప్పు.

తెలుగు రచయితలకు లిపినిబట్టి వచ్చు చిక్కులు వేరుగా ఉన్నవి. వీనిలో పెక్కు నిజమునకు చెడుగులే కావు. తెలుగు లిపి 1991లోనే యూనికోడున చేరినది. దానిని ఫైళ్లలో వ్రాయుటకు నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిరి. ఈ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అక్షరచిహ్నమునకు మూడు బైట్లు పట్టును. మొదటి బైటు విలువ ఎల్లప్పుడు 224. రెండవది 176 గాని 177 గాని. ఇట్టి వ్రాతను పాశ్చాత్య లిపిగా భ్రమించి చదివిన ప్రోగ్రాము, నెత్తిమీద వాలుగీత గల రోమను 'ఏ' అక్షరమును, దానిప్రక్క ఉష్ణమానమునకు వేయు చిన్న సున్నను గాని కూడిక తీసివేతల జంటగుర్తును గాని మరల మరల చూపును. తెరమీద ఈ రూపము కనబడినచో సంతోషింపవలెను. తెలుగు క్షేమముగా ఉన్నది, చదువు పద్ధతియే తప్పు. ఆ తప్పురూపముననే ఫైలును భద్రపరుపక, యూటీఎఫ్-8గా తెరచిన చాలును. తెలుగు ఉండవలసిన చోట ప్రశ్నార్థకముల వరుస ఫైలులోనే చేరియున్నచో మాత్రము అది నిజమైన నాశము. ఏదో ప్రోగ్రాము తనకు తెలియని ప్రతి అక్షరమునకు బదులు ప్రశ్నార్థకమును వ్రాసిపెట్టినది; ఆ ప్రతినుండి ఇక ఏమియు రాదు, వేరొక ప్రతిని వెదకవలెను.

ఈమెయిలు మూలరూపమును తెరచినపుడు రోమను అక్షరముల ముద్ద కనబడుట ఇంకొక సందర్భము. ఇది బేస్-64 అను కూర్పు. మూడు బైట్లను నాలుగు గుర్తులుగా మార్చి పంపుట దీని పద్ధతి. అందు 4 అను అంకె, వెంటనే రోమను 'ఎల్', అటుపై 'సి' లేక 'జి' పలుమారులు వచ్చుచున్నచో లోపల తెలుగు ఉన్నదని గ్రహింపవచ్చును. యూనికోడునకు పూర్వపు ఫాంట్లతో కూర్చిన వ్రాతలు మరియొక తెగ. వానిలో రోమను అక్షరముల స్థానములలో తెలుగు ఆకారములు నిలిపిరి. ఫాంటు లేనిచో అర్థములేని గుర్తులు కనబడును. ఏ ఫాంటో తెలిసినచో పట్టికనుబట్టి యూనికోడులోనికి మార్చవచ్చును. కనుక పాతఫైలుతోపాటు ఫాంటు పేరును వ్రాసియుంచుట రచయిత ధర్మము.

యూటీఎఫ్-8కు ఒక సుగుణము కలదు. అక్షరమును ఆరంభించు బైటు, తరువాతి బైట్లు చూచినంతనే వేరుగా తెలియును. నడుమ నొక బైటు పోయినను ఆ ఒక్క అక్షరమే చెడును. తరువాతి అక్షరమునుండి చదువు మరల సాగును. పురుగు తొలిచిన రంధ్రము ప్రక్క అక్షరమును తినదు.

ఇక పనివిధానము. మొదటి సూత్రము, మూలమును ముట్టరాదు. డిస్కునుండి వింతచప్పుడు వచ్చుచున్నచో యంత్రము నాపి నిపుణునకు చూపవలెను. లేనిచో మొత్తమునకు నకలు తీసి, నకలుమీదనే ప్రయత్నములన్నియు చేయవలెను. వెలికివచ్చినదానిని వేరొక డిస్కులో ఉంచవలెను. అదే డిస్కున వ్రాసినచో దొరుకవలసినదానిమీదనే క్రొత్తవ్రాత పడవచ్చును. రెండు మూడు సాధనములతో వేర్వేరుగా తీసి ఫలితములను సరిపోల్చవలెను. సి. పి. బ్రౌను ఒక్కొక్క గ్రంథమునకు దొరికిన వ్రాతప్రతులను తెప్పించి, పండితులచే పోల్చిచూపించి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ పద్ధతియే ఇక్కడను శరణ్యము. ఈమెయిలు విషయమున మనకొక అదృష్టము కలదు: ప్రతి ఉత్తరమునకు రెండు ఇండ్లున్నవి. మనయొద్ద చెడినది అందుకొన్న మిత్రునియొద్ద చెక్కుచెదరక ఉండవచ్చును. ఆ ప్రతిని అడిగి తెప్పించుకొనుటకంటె మేలైన మరమ్మతు లేదు.

వేరుచోట నకలు ఉంచుట అన్నింటికంటె మేలని అందరును చెప్పుదురు. అది పనిచేయునో లేదో పరీక్షించువారు కొద్దిమంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఉద్యోగి ఒకడు పొరపాటున ప్రధాన డేటాబేసును తొలగించెను. పలువిధములైన నకళ్లు ఉన్నవనుకొనిరి. అక్కరకు వచ్చునప్పటికి వానిలో పెక్కు పనిచేయలేదు. ఆరుగంటలకు ముందు యాదృచ్ఛికముగా తీసిన నకలొకటి వారిని కాపాడెను; ఆ ఆరుగంటల వ్రాత పోయెను. 2011 ఫిబ్రవరిలో జీమెయిలు ఖాతాలు కొన్ని ఖాళీయైనపుడు గూగుల్ సంస్థ విడిగా దాచిన టేపులనుండి ఉత్తరములను తిరిగి తెచ్చెను. ఏడాదికొకమారైనను నకలును వేరొక యంత్రమున తెరచి చదివిచూడనివానికి నకలున్నట్లు కాదు.

ఇన్ని చేసినను కొన్ని ఖాళీలు మిగులును. ఇక్కడనే రచయిత సొంతమనస్సునకు వెరవవలెను. తన వాక్యము తనకు జ్ఞాపకమున్నట్లే తోచును. నేటి కృత్రిమమేధా సాధనములు ఎవరి శైలిలోనైనను ఖాళీని నున్నగా పూరించి ఇచ్చును. పదేండ్లనాటి ఉత్తరములో నేడు వ్రాసిన వాక్యము గుర్తులేక చేరినచో, ముందు వచ్చు పరిశోధకుడు దానిని పదేండ్లనాటిదిగానే గ్రహించును. పోతన భాగవతమున కొన్ని భాగములు శిథిలములైనవని ప్రతీతి. పంచమస్కంధమును గంగన, షష్ఠమును సింగన, ఏకాదశ ద్వాదశములను నారయ రచించిరి. ఆ స్కంధముల తుదిగద్యములలో వారు తమ పేర్లే చెప్పుకొనిరి. కావుననే ఏది పోతన వ్రాతయో, ఏది కాదో నేటికిని మనము చెప్పగలుగుచున్నాము. పాతగ్రంథముల పరిష్కర్తలు పోయినచోట గ్రంథపాతమని గుర్తించి చుక్కలు వేసిరి. మనమును పోయినచోట ఎన్ని పంక్తులు లేవో, ఎన్నడు ఏ సాధనముతో మిగిలినది తీసితిమో వ్రాసియుంచవలెను. పూరింపక తప్పనిచో పూరించినవారి పేరును, సంవత్సరమును చేర్చవలెను.

గురజాడవారి లేఖలును దినచర్యలును కాగితముమీద నుండి మనకు దక్కినవి. నేటి రచయితల లేఖలు వారు వాడిన యంత్రములలో ఉన్నవి. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయము సల్మాన్ రష్దీ కాగితములతోపాటు ఆయన వాడిన నాలుగు ఆపిల్ కంప్యూటర్లను భద్రపరచి, 2010లో ఆ సంచయమును పరిశోధకులకు తెరచెను. మనయిండ్లలో రచయిత గతించినపిదప పాతకంప్యూటరును తుడిచి పిల్లలకిచ్చుటయో, పాతసామానులవానికి వేయుటయో జరుగుచున్నది. అది తెరచుకొనకపోయినను సరే, డిస్కును తీసి, దానిపై పేరును సంవత్సరమును వ్రాసి దాచుడు. చదువగలవారు తరువాత రావచ్చును; చదువుటకు వ్రాత మిగిలియుండవలెను.