విఱిగిన మంచపుకోడును ఇంటివద్ద బాగుచేసికొనుట

నాగలి చెడినచో రైతు ఆ దినమే వడ్రంగిని పిలిపించును. మంచపుకోడు విఱిగినచో మాత్రము రెండు మేకులు దిగగొట్టి, దానిమీదనే వృద్ధులను, బాలింతలను పరుండబెట్టుట తఱచుగా కానవచ్చును. ఇది ప్రమాదకరము. ఎండిన కొయ్యలో కొట్టిన మేకు చీలికను బిగింపదు. గొడ్డలివలె నడుమ దూరి దానిని మఱింత విప్పును.

కోడు విఱుగుటకు కారణము పలుమాఱు బరువు కాదు. వేసవిలో కొయ్య అడ్డముగా కుదించుకొనును. నిడుపున కుదింపు మిక్కిలి స్వల్పము. అందుచే పట్టెల కుసులు కోళ్ల బెజ్జములలో వదులగును, నులకయు సడలును. మంచము కదలినప్పుడెల్ల కుసి గడ్డపారవలె బెజ్జమును పెకలించి కోడును చీల్చును. ఏటేట చైత్రమున నులక బిగించువారి మంచములు చిరకాలము నిలుచుట యిందువలననే.

కోడు విఱిగిన తావును మొదట పరీక్షింపవలయును. పొరవెంబడి నిడుపుగా చీలినచో పని సులభము. చీలిన ముఖములను ఆకురాయితో నునుపు చేయరాదు. ఆ పీచులు తిరిగి ఒకదానిలో నొకటి యమరుటయే బలము. దుమ్ము ఊది, ఎండలో ఆరబెట్టి, రెండు ముఖములకును జిగురు పట్టింపవలయును. నేడు అంగళ్లలో దొరకు తెల్లని కొయ్యజిగురు చాలును. తోలునుండి కాచి తీసిన సరేసు వాడువారు దానిని రాత్రియంతయు చన్నీట నానబెట్టి, ఆ గిన్నెను వేడినీటి పాత్రలో నుంచి కరగింపవలయును. నేరుగా నిప్పుపై మరగించినచో పట్టు చెడును. వానకాలపు చెమ్మకు కూడ సరేసు మెత్తబడును గావున తెల్లజిగురే మేలని మా యభిప్రాయము. జిగురు పూసిన పిదప గోనెముక్క చుట్టి, త్రాటితో కట్టి, గడ్డిబండిపై మోకు బిగించునట్లు కఱ్ఱతో మెలిపెట్టి, ఒక పగలు ఒక రాత్రి కదల్పక యుంచవలయును.

అడ్డముగా తునిగిన కోడునకు జిగురొక్కటియే చాలదు. కొయ్య కొనలు జిగురును పీల్చివేయును, పట్టు నిలువదు. లోపల కొయ్యచీల యుండవలయును. ఒక తునుక నడుమ తలలేని చిన్న మేకును గ్రుచ్చి, రెండవ తునుకను సరిగా అమర్చి నొక్కినచో, అందు పడిన గుర్తే రెండవ బెజ్జమునకు కేంద్రము. మేకు తీసి, కోడు మందములో మూడవవంతు వెడల్పున, ఒక్కొక్క ప్రక్క రెండున్నర అంగుళములకు తక్కువ గాకుండ, బరమాతో నిలువుగా తొలువవలయును. చీలను బాగుగా ఎండిన టేకు లేక తుమ్మ చేవనుండి చేయవలెను. చేవలేని తెల్లకొయ్యను పుచ్చుపురుగు తినును. చీల పొడవునను సన్నని గాడి తీయుట మఱవరాదు. ఆ గాడి లేనిచో లోపలి గాలియు జిగురును వెలువడజాలక కోడు చీలవచ్చును.

కమ్మరిచే ఇనుపపట్టీ వేయించుట మంచిదే. కాని బండికట్టువలె కాల్చి తొడిగినచో కొయ్య మాడి, జిగురు పాడగును. చల్లని పట్టీనే బిగింపవలయును.

కుసులు చొచ్చు బెజ్జములయొద్ద విఱిగిన కోడును అతుకుటకు ప్రయత్నింపవలదు. అచ్చట రెండు పట్టెల బెజ్జములు కలియుటచే మిగిలిన కొయ్య కొంచెము. బరువంతయు అందే పడును. వడ్రంగిచే క్రొత్తకోడు చేయించుటయే తగినది. పాతకోడు వృథా కాదు, దానినుండి చీలలు తీయవచ్చును.

బాగుచేసిన మంచముపై మనుష్యులు పరుండుటకు ముందు, ఆ మూలననే ఒక ధాన్యపు బస్తానుంచి ఒక రాత్రి గడువనీయవలెను. అతుకు విచ్చినచో బస్తాయే పడును. తెల్లవారి అతుకునందు వెండ్రుకవాసి సందైనను కానరానిచో మంచమును లోనికి తెచ్చి, నాలుగు కోళ్లక్రింద పలుచని బండఱాళ్లు వేయవలయును. మట్టినేల చెమ్మ కోడు అడుగుననే పైకి ప్రాకును. చెదలును ఆ దారినే వచ్చును.