ఇంట్లో మానసిక జబ్బు: సాయం ఎక్కడ దొరుకుతుంది?

అపోహలు – వాస్తవాలు

ఇంట్లో ఒకరికి షుగర్ వస్తే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో, ఏం తినాలో వీధంతా చెబుతుంది. అదే ఇంట్లో కొడుక్కి స్కిజోఫ్రినియా వస్తే తలుపులు మూసుకుంటాయి. చుట్టాల రాకపోకలు తగ్గుతాయి. తల్లి ఫంక్షన్లకు వెళ్లడం మానేస్తుంది. 2015–16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని కూడా ఆ సర్వే తేల్చింది. డాక్టర్ల కొరత ఇందుకు ఒక కారణం. ఉన్న సాయం ఎక్కడుందో తెలియకపోవడం, తెలిసినా అడగలేకపోవడం ఇంకో కారణం. ఈ రెండోదాన్ని మనం ఇప్పుడే, ఇక్కడే తగ్గించుకోవచ్చు. వైద్యం ఒకచోట, సర్టిఫికెట్ ఒకచోట, చట్టపరమైన సాయం మరోచోట ఉంటాయి. వాటిని కలుపుకుంటూ పోయే దారికి అడ్డుపడుతున్న కొన్ని నమ్మకాలను చూద్దాం.

అపోహ: మతి చెడితే ఎర్రగడ్డో విశాఖో పోవాల్సిందే. మన ఊళ్లో ఏముంది?

వాస్తవం: హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రి, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పెద్ద ఆస్పత్రులు. జబ్బు ముదిరినప్పుడు ఎన్నో కుటుంబాలకు అవే దిక్కు. కానీ చాలామందికి కావలసింది నెలనెలా చూపించుకోవడం, మందులు ఆగకుండా అందడం. ఆ రెండూ జిల్లాలోనే దొరకాలన్న ఉద్దేశంతో, కర్ణాటకలోని బళ్లారిలో నిమ్హాన్స్ చేసి చూపిన నమూనా ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఈ బృందంలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉండాలి. కొన్నిచోట్ల పోస్టులు ఖాళీగా ఉంటాయి, నిజమే. అయినా జిల్లా వైద్యారోగ్యశాఖ కార్యాలయానికి వెళ్లి, ఈ బృందం ఏ ఆస్పత్రిలో, ఏ రోజుల్లో చూస్తుందో అడగండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి దగ్గర్లో ఉంటే సైకియాట్రీ ఓపీలో చీటీ రాయించుకోవచ్చు.

ఊరి స్థాయిలో చేసే సాయం ఉత్తదేనని కూడా అనుకోనక్కర్లేదు. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలో స్కిజోఫ్రినియా ఉన్నవారి మీద జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2014లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చాయి. శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు ఇంటికే వచ్చి పలకరించి, మందులు ఆగకుండా చూసి, కుటుంబంతో మాట్లాడినచోట, ఆస్పత్రి వైద్యం ఒక్కటే అందిన వారికంటే రోగుల పరిస్థితి కొంత మెరుగ్గా ఉందని తేలింది. మన పశ్చిమ గోదావరి జిల్లాలోనూ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, కుంగుబాటు, ఆందోళన ఉన్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపే పద్ధతిని పరీక్షించారు. మీ వీధిలోని ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు విషయం చెప్పడం మొదటి మెట్టు కావచ్చు.

అపోహ: తనకేం జబ్బు లేదంటున్నాడు, డాక్టరు దగ్గరికి రానంటున్నాడు. ఇక మనం చేసేదేముంది?

వాస్తవం: తనకు జబ్బుందని గ్రహించలేకపోవడం కూడా ఈ జబ్బుల్లో భాగమే. అతను రాకపోయినా మీరు వెళ్లవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. జబ్బు ఉన్నవారే చేయాలన్న నియమమేమీ లేదు. అన్న కోసం చెల్లెలు చేయవచ్చు, భర్త కోసం భార్య చేయవచ్చు. మొదట కౌన్సెలర్ వింటారు. అవసరమైతే పైస్థాయి నిపుణులకు కలుపుతారు, దగ్గర్లోని ఆస్పత్రి ఏదో చెబుతారు.

ఫోన్ చేసే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: మార్పు ఎప్పటినుంచి, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, తిండి ఎలా ఉంది, ఎవరితో మాట్లాడుతున్నట్టు ఉంటున్నాడు, చనిపోతానన్న మాట ఎప్పుడైనా అన్నాడా, మందులేమైనా వాడి ఆపేశాడా. ‘ఎలాగో ఉంటున్నాడండీ’ అంటే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు. ‘నాలుగు రాత్రులుగా కన్ను మూయలేదు, కూర వాసన చూసి విషం కలిపారంటున్నాడు’ అంటే పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో వెంటనే తెలుస్తుంది.

ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆలస్యం చేయకూడదు, 108కి ఫోన్ చేయాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 94వ సెక్షన్ ప్రకారం ఇలాంటి అత్యవసర పరిస్థితిలో రిజిస్టర్డ్ డాక్టరు ఎవరైనా 72 గంటల దాకా చికిత్స చేయవచ్చు. తర్వాత కూడా ఆస్పత్రిలో ఉంచాల్సి వస్తే, రోగి తరఫున మాట్లాడే నామినేటెడ్ ప్రతినిధి కోరిక మీద, ఇద్దరు నిపుణులు పరీక్షించాక 30 రోజుల దాకా చేర్చుకునే వీలుంది. రోగి ముందుగా ఎవరి పేరూ రాసి ఇవ్వకపోతే ఆ ప్రతినిధి స్థానం దగ్గరి బంధువుకు వస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. చెప్పకుండా అన్నంలోనో మజ్జిగలోనో మాత్ర కలిపి పెట్టకండి. అది బయటపడిన రోజున అమ్మ చేతి ముద్ద మీద కూడా నమ్మకం పోతుంది, ఇంట్లో తిండే మానేస్తారు. మాత్రలు మింగనివాళ్లకు కొన్ని వారాలకు ఒకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటి గురించి డాక్టర్ని అడగండి.

అపోహ: గాలి సోకింది. దర్గా దగ్గరో గుడి దగ్గరో కొన్నాళ్లుంచితే పోతుంది. పారిపోకుండా గొలుసు వేయక తప్పదు.

వాస్తవం: 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చిన రోగుల కోసం నడిపే ఒక షెడ్డులో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. ఇప్పుడు 2017 చట్టం ఏ రూపంలోనైనా గొలుసుతో కట్టేయడాన్ని నిషేధించింది. ఇంట్లోనే ఎవరినైనా హింసిస్తున్నారని, పట్టించుకోకుండా వదిలేశారని తెలిస్తే పోలీసులు మేజిస్ట్రేటుకు నివేదించాలి.

దేవుడి మీద నమ్మకం వదులుకోమని ఎవరూ అనరు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ దర్గా సేవకులైన ముజావర్లు, డాక్టర్లు కలిసి పనిచేసే ‘దవా–దువా’ కార్యక్రమం నడిచింది. దువా చేసినవాళ్లే మందు కూడా వేసుకోమని పంపారు. తాయెత్తు కట్టించుకున్నా సరే, మాత్ర ఆపకుండా ఉంటే చాలు.

అపోహ: సదరం సర్టిఫికెట్, పింఛను కాళ్లూ చేతులూ లేనివాళ్లకే.

వాస్తవం: వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉందని తేలితే వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దాంతోపాటు వైకల్య గుర్తింపు కార్డు (యూడీఐడీ), వికలాంగుల పింఛను, ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్ లాంటివాటికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పింఛను 2024లో 6,000 రూపాయలకు, తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. జబ్బు పేరును బట్టి శాతం వేయరు. తన పనులు తాను చేసుకోగలరా, నలుగురితో కలవగలరా, మాట్లాడి అర్థం చేసుకోగలరా, ఉద్యోగమో ఇంటిపనో చేయగలరా అన్నవి చూస్తారు. సదరం క్యాంపు నాటికి మనిషి కాస్త తేరుకుని చక్కగా సమాధానాలు చెబితే, ఇంట్లో పడే అవస్థ డాక్టరుకు తెలియకుండా పోవచ్చు. అందుకే పాత ఓపీ చీటీలు, డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీలు అన్నీ తారీఖుల వరసన ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి. ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయంలో, తెలంగాణలో మీ సేవలో క్యాంపు తేదీ కోసం అడగండి.

మానసిక జబ్బునూ బుద్ధిమాంద్యాన్నీ కలిపేసి తప్పు కౌంటరు ముందు నిలబడేవాళ్లూ ఉన్నారు. నేషనల్ ట్రస్ట్ పథకాలు ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఉద్దేశించినవి. స్కిజోఫ్రినియా, బైపోలార్ లాంటివి అందులోకి రావు.

అపోహ: ఆరోగ్య బీమా ఈ జబ్బులకు రాదు.

వాస్తవం: 2017 చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, శారీరక జబ్బులకు బీమా ఇచ్చే పద్ధతిలోనే మానసిక జబ్బులకూ ఇవ్వాలి. క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. చట్టపరమైన చిక్కు ఏదైనా వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. అందుకు ఫోన్ నంబరు 15100.

అపోహ: ఏదో ఒక హోంలో చేర్పించేస్తే వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: మంచి పునరావాస కేంద్రాలున్నాయి. చెన్నైలో డాక్టర్ ఎం.శారదా మీనన్ 1984లో నెలకొల్పిన ‘స్కార్ఫ్’, 1993లో మొదలైన ‘ద బనియన్’ దేశమంతటికీ దారి చూపాయి. కానీ బోర్డు పెట్టిన ప్రతిదీ అలాంటిది కాదు. ‘మాన్పిస్తాం’ అంటూ కొట్టే, ఫోన్లో కూడా మాట్లాడనివ్వని చోట్లు ఉన్నాయి. చేర్చే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. సైకియాట్రిస్టు ఏ రోజుల్లో వస్తారు? కుటుంబం ఎప్పుడంటే అప్పుడు చూడవచ్చా? రోగి ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా? పడుకునే గది, బాత్‌రూమ్ చూపిస్తారా? వీటిలో దేనికి ‘కుదరదు’ అన్నా అక్కడినుంచి వచ్చేయండి.

రోగి కుదుటపడ్డాక అసలు పని మొదలవుతుంది. రోజూ ఒక వేళకు లేవడం, బజారుకు వెళ్లి లెక్క చూసుకుని సరుకులు తేవడం, చిన్న పనిలో కుదురుకోవడం నేర్పేది డే కేర్. ఇది ఎక్కడుందో ఆస్పత్రిలోని సోషల్ వర్కర్ని అడగాలి. డాక్టరు దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే కాబట్టి ఈ ప్రశ్నలకు సోషల్ వర్కరే సరైన మనిషి. 2017 చట్టంలోని 19వ సెక్షన్ ప్రతి రోగికీ సమాజంలో కలిసి బతికే హక్కు ఇచ్చింది. నయమయ్యాక ఇంటికి తీసుకెళ్లేవాళ్లు లేరన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆస్పత్రిలో ఉంచేయకూడదు.

అపోహ: నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది. ఇంటి ఆడపిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయి.

వాస్తవం: ఆ భయం ఉత్తదని చెప్పలేం. ఈ వివక్ష మన మధ్య ఉంది, అది పోవాలి. కానీ సాయం అడగడమంటే ఊరంతా చాటడం కాదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల, ఆస్పత్రుల చట్టబద్ధమైన బాధ్యత. దాచిపెట్టి పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్న మాట మాత్రం వినకండి. పెళ్లి మందు కాదు. దానివల్ల రెండు కుటుంబాలు కష్టపడతాయి.

అపోహ: కన్నవాళ్లం, మేం చూసుకోలేమా? మాకు వేరే సాయం ఎందుకు?

వాస్తవం: చూసుకునేవాళ్లు కూడా జబ్బు పడతారు. ఏళ్ల తరబడి నిద్రలేని తల్లికి బీపీ, కుంగుబాటు వస్తే ఆ ఇంట్లో ఇద్దరు రోగులవుతారు. ‘మా తర్వాత వీడినెవరు చూస్తారు?’ అన్న ప్రశ్నకు ఒంటరిగా జవాబు దొరకదు. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆస్పత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి, వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఒక తల్లి భయానికి ఇంకో తల్లి దగ్గర మాట దొరికేది. కుటుంబాల బృందాలు చేసే మేలు అదే. పుణెలో స్కిజోఫ్రినియా అవేర్‌నెస్ అసోసియేషన్, మద్యం వ్యసనమున్న ఇళ్లవారికి అల్-అనాన్ ఇలాంటివే.

మీ ఊళ్లో అలాంటి బృందం లేకపోతే మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఓపీ వరసలో నెలనెలా కనిపించే రెండు మూడు కుటుంబాలతో మాట కలపండి. ఎవరికి సదరం దొరికిందో, ఏ మెడికల్ షాపులో మందు ఉందో, ఏ డాక్టరు ఓపిగ్గా వింటారో అక్కడే తెలుస్తుంది. మందులు నిండుకున్నాయనో, సైకియాట్రిస్టు పోస్టు ఖాళీగా ఉందనో తెలిస్తే ఆ కుటుంబాలన్నీ కలిసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికో ప్రజా సమస్యల పరిష్కార వేదికకో వెళ్లి అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. అవసరమైన వారందరికీ మానసిక వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత అని 2017 చట్టంలోని 18వ సెక్షన్ చెబుతోంది. అర్జీలో ఆ సెక్షన్ నంబరు రాయండి.