పెళ్ళిచూపులకి వచ్చిన మగ ఈగ

ఎండాకాలంలో ఇర్వింగ్‌లో ఇండియన్ కొట్టు నుంచి మామిడిపళ్ళ పెట్టె తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టండి. రెండు రోజులు తిరిగేసరికి నువ్వుగింజంత ఈగలు నాలుగు ఎక్కడి నుంచో వచ్చి చేరతాయి. మరో పది పన్నెండు రోజులకి ఆ నాలుగూ నలభై అవుతాయి. బయట నూరు డిగ్రీల ఎండ కాస్తున్నా ఇంట్లో ఏసీ 77 దగ్గర ఉంటుంది కదా. అంటే సెల్సియస్ కొలతలో 25 డిగ్రీలు. ఆ వెచ్చదనంలో ఈ ఈగ గుడ్డు నుంచి పెద్దదవటానికి పది రోజులు చాలు. ప్రయోగశాలల్లో వీటిని పెంచేది కూడా సరిగ్గా ఆ వేడిలోనే!

ఇవి పళ్ళ ఈగలు. శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు డ్రోసోఫిలా మెలనోగాస్టర్. మగ్గిన పండు మీద పెరిగే ఈస్టు వీటికి భోజనం. భోజనం దొరికిన చోటే పెళ్ళి కూడా కుదురుతుంది. అందుకని ఆ మామిడిపళ్ళ పెట్టె వీటికి సత్రమూ, కల్యాణ మండపమూ కూడా. ఈ పెళ్ళిలో ఎవరు ఎవరిని ఎంచుకుంటారు అన్నదే ఇప్పుడు మన ప్రశ్న.

ముందు తంతు ఎలా జరుగుతుందో చూద్దాం. మగ ఈగ ముందుగా ఆడ ఈగ వైపు తిరిగి నిలబడుతుంది. అది కదిలితే వెంటపడుతుంది. దగ్గరకి చేరి ముందు కాలితో తట్టి చూస్తుంది. తరువాత ఒక్క రెక్క మాత్రం పక్కకి చాపి, దాన్ని అదిలిస్తూ పాట పాడుతుంది. ఆడ ఈగ ఒప్పుకుంటే నెమ్మదిస్తుంది. ఒప్పుకోకపోతే పారిపోతుంది, లేదా కాలితో తన్నుతుంది. అంతా సవ్యంగా జరిగితే జతకూడటం పదిహేను, ఇరవై నిమిషాలు సాగుతుంది. ఈ వరసని ఎ. హెచ్. స్టర్టెవెంట్ 1915లోనే వర్ణించి ప్రచురించాడు.

కాలితో తట్టటం ఎందుకంటారా? ఈగకి నాలుక పని కాళ్ళు కూడా చేస్తాయి. ఆడ ఈగ ఒంటి మీద మైనం లాంటి పూత ఉంటుంది. దాని రుచిని బట్టి ఎదుట ఉన్నది తన జాతిదా కాదా అన్నది మగ ఈగకి తెలుస్తుంది. పాటలో కూడా ఇలాంటి గుర్తే ఉంది. మెలనోగాస్టర్ పాటలో ఒక దరువుకీ మరొక దరువుకీ మధ్య వ్యవధి సుమారు 35 మిల్లీసెకండ్లు. దీని దగ్గర చుట్టం సిమ్యులాన్స్ పాటలో అది సుమారు 50. మనకి రెండూ ఒకలాగే కనిపించవచ్చు కాని, ఆడ ఈగకి ఆ తేడా తెలుస్తుంది.

రుచి తరువాత వాసన. దీని కథ తెలుసుకోటానికి ఇర్వింగ్ నుంచి ఎక్కువ దూరం వెళ్ళక్కరలేదు. పక్క ఊరు డాలస్‌లో యూటీ సౌత్‌వెస్టర్న్ వైద్య విద్యాలయం ఉంది. అక్కడ డీన్ స్మిత్ బృందం ఈగ మీసాలలో ఉండే ఒక ప్రోటీనుని పట్టుకుంది. అది లేని ఈగలు ఘాటైన ఆల్కహాలు వైపు ఎగబడటం చూసి, ఇంగ్లీషులో తాగుబోతు అని అర్థం వచ్చేలా దానికి "లష్" అని పేరు పెట్టారు. మగ ఈగ జతకూడినప్పుడు తన ఒంటి వాసన ఒకటి ఆడ ఈగకి అంటిస్తుంది. ఆ పదార్థం పేరు సిస్-వేక్సెనిల్ ఎసిటేట్. తరువాత వచ్చిన మగ ఈగకి ఆ వాసన తగిలితే ఉత్సాహం చల్లబడుతుంది. "ఈ పిల్లకి పెళ్ళయిపోయింది" అని చెప్పినట్లన్న మాట. లష్ ప్రోటీను లేకపోతే ఈగకి ఆ వాసన సోకదని ఈ బృందం 2005లో తేల్చింది.

ఇంత హంగామాకీ సూత్రధారి అనదగ్గ జన్యువు ఒకటి ఉంది. 1963లో యేల్ విశ్వవిద్యాలయంలో కుల్బీర్ గిల్ అనే భారతీయ శాస్త్రవేత్త, ఆడా మగా తేడా లేకుండా అందరి వెంటా పడే మగ ఈగలని గమనించాడు. అక్కడ చెడింది "ఫ్రూట్‌లెస్" అని తరువాత పేరుపడిన జన్యువు. 2005లో వియన్నాలో డెమిర్, డిక్సన్ అనే ఇద్దరు ఈ జన్యువు మగ రూపాన్ని ఆడ ఈగలలో పనిచేయించారు. ఆ ఆడ ఈగలు మగవాటిలాగే సాటి ఆడ ఈగల వెంటపడి రెక్క చాపాయి.

ఇంతవరకు చదివాక, మగ ఈగ నేర్చుకోవలసిందేమీ లేని మరబొమ్మ అనిపించవచ్చు. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం దాదాపు అలాగే అనుకున్నారు. దీనికి ఒక కారణం 1948లో ఇంగ్లండులో ఆంగస్ బేట్‌మన్ వేసిన లెక్క. ఎక్కువ ఆడ ఈగలతో జతకూడిన మగ ఈగకి పిల్లలు పెరుగుతారు, ఆడ ఈగకి మాత్రం అలాంటి లాభం అంతగా ఉండదు అన్నాడాయన. వీర్యం చవక, గుడ్డు ఖరీదు. అందుకని మగది ఎగబడుతుంది, ఆడది ఏరుకుంటుంది అని సూత్రం తయారయింది. అది ఈగలతో ఆగలేదు. "మగాడి స్వభావమే అంత" అని మనుషుల గురించి చెప్పేవాళ్ళకి కూడా అక్కరకొచ్చింది.

ఆ లెక్కలో ఒక తిరకాసు ఉంది. బేట్‌మన్ రోజుల్లో ఏ పిల్ల ఏ తండ్రిదో చెప్పటానికి జన్యు పరీక్షలు లేవు. ఆయన ఒక్కొక్క ఈగకీ ఒక్కొక్క అవకరం ఉండేలా చూసుకుని, తల్లి గుర్తూ తండ్రి గుర్తూ రెండూ ఉన్న పిల్లలని బట్టి సంబంధాలు కట్టాడు. 2012లో పెట్రీషియా గౌవటీ బృందం ఆ ప్రయోగాన్నే మళ్ళీ చేసింది. రెండు అవకరాలూ వచ్చిన పిల్లలు చాలా మటుకు పెద్దవి కాకుండానే చచ్చిపోతున్నాయి! చచ్చినవి లెక్కలోకి రావు కనక ఎవరికి ఎందరు పిల్లలన్నది తప్పుగా తేలుతుంది. అంత పేరుపొందిన సూత్రానికి వేసిన పునాదిరాయే కదులుతోందన్న మాట.

నిజానికి మగ ఈగకి కూడా ఈ వ్యవహారం చవక కాదు. 1981లో లిండా పార్ట్రిడ్జ్, మేరియన్ ఫార్కర్ కొన్ని మగ ఈగలకి రోజుకి ఎనిమిది కన్నె ఈగలని చొప్పున ఇచ్చి చూశారు. అంతగా అవకాశం దొరకని వాటికంటె ఇవి ముందుగా చచ్చిపోయాయి. ఖర్చు ఉన్న చోట బేరం తప్పదు. 2006లో కేలిఫోర్నియాలో బర్న్, రైస్ చేసిన ప్రయోగాలలో మగ ఈగలు చిన్న ఆడ ఈగలకంటె పెద్దవాటికే మొగ్గు చూపాయి. పెద్ద ఈగ ఎక్కువ గుడ్లు పెడుతుంది మరి. ఈ కథకి కొసమెరుపు 2009లో వచ్చింది. అందరూ వెంటపడటం వల్ల ఆ పెద్ద ఆడ ఈగలకే నష్టం జరుగుతోందని రైస్ బృందమే చూపించింది. ఒకరి ఎంపిక మరొకరికి వేధింపు కావచ్చని ఈగలు కూడా చెబుతున్నాయి.

మగ ఈగకి జ్ఞాపకం కూడా ఉంది. అప్పటికే జతకూడిన ఆడ ఈగతో ఒక గంటసేపు ఉండి ఛీ కొట్టించుకున్న మగ ఈగ, తరువాత రెండు మూడు గంటలపాటు కన్నె ఈగ ఎదురైనా అంత హుషారు చూపదు. సీగల్, హాల్ ఈ సంగతి 1979లో బయటపెట్టారు. ఆ హాల్ గారికే జీవగడియారం మీద చేసిన పనికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆడ ఈగ మెదడులో ఉన్న కణాలన్నిటినీ 2024లో పటం గీశారు. సుమారు 1,40,000 నాడీకణాలు. ఇంచుమించు అంతే చిన్న మెదడుతో మగ ఈగ చూస్తుంది, వాసన పడుతుంది, రుచి చూస్తుంది, పాడుతుంది, దెబ్బ తిని గుర్తు పెట్టుకుంటుంది, ఏరుకుంటుంది. మన పెళ్ళిచూపుల్లో లాగే ఇక్కడా చూసేది ఇద్దరూను. ఒకరు చూస్తున్నారని మనం చాలాకాలం గమనించలేదు, అంతే.

ఈసారి మామిడిపళ్ళ మీద ఈగలు ముసిరితే వెంటనే తరిమెయ్యకండి. ఒక గాజు సీసాలో మగ్గిన అరటిపండు ముక్క వేసి, మూతిలో కాగితం గరాటు పెట్టండి. ఈగలు చేరాక పిల్లలకి భూతద్దం ఇచ్చి, ఒక్క రెక్క చాపి నిలబడిన ఈగ ఏదో వెతకమనండి. అదే మగది. ఎవరి వెంట పడుతోందో, ఎవరిని వదిలేస్తోందో ఒక పది నిమిషాలు లెక్క రాయమనండి. బేట్‌మన్ పిల్లలని లెక్క పెట్టాడు కాని, చేష్టలని లెక్క పెట్టలేదు. ఆ పని మన వంటింట్లో కూడా చెయ్యవచ్చు.