వేసవి ఎండ, ఉరుముల వాన: సరస్సు తీరవాసులకును పడవవారికిని వాతావరణ సూచన

మన దేశమున మార్చి మొదలుకొని నైరుతి ఋతుపవనములు ప్రవేశించు వరకు వేసవి కాలము. ఈ నెలలలో సరస్సులను ఆశ్రయించి జీవించు ప్రజలకు రెండు అపాయములు గలవు. ఒకటి వడదెబ్బ. రెండవది ఈదురుగాలులతోను పిడుగులతోను హఠాత్తుగా వచ్చు వాన. ఈ రెంటిని వేర్వేరు విషయములుగా ఎంచుట పరిపాటి. నిజమునకు ఇవి ఒకే వేడిమి నుండి పుట్టినవి. తరచుగా ఒకే దినమున, ఒకదాని వెంట నొకటి వచ్చును. మధ్యాహ్నపు టెండలో శక్తి ఉడిగిన మనుష్యుడు సాయంకాలము గాలి లేచినప్పుడు తెడ్డు వేసి ఒడ్డు చేరలేడు. కనుక ఎండను గూర్చిన సూచనను, ఉరుములను గూర్చిన సూచనను కలిపి చూచుకొని, ఒడ్డునకు తిరిగి రావలసిన వేళను ముందుగానే నిర్ణయించుకొనుట అవసరము.

సరస్సు ప్రాంతముల ప్రత్యేకత

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు మన దేశపు పెద్ద మంచినీటి సరస్సులలో నొకటి. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దీనిలో కలియును. ఉప్పుటేరు దీని నీటిని బంగాళాఖాతమునకు గొనిపోవును. కొల్లేటి లంకలలోని ప్రజలు చేపలు పట్టుటకును, ఒక గ్రామము నుండి మరియొక గ్రామమునకు పోవుటకును దోనెలను, పడవలను వాడుదురు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దున గల పులికాట్, ఒడిశా యందలి చిలికా ఉప్పునీటి సరస్సులు. అచ్చటి పడవవారికిని ఈ అపాయములు సమానమే.

వేసవిలో సరస్సు నీరు తగ్గును. "నీరు లోతు లేదు గదా, భయమేమి?" యని కొందరు తలంతురు. ఇది పొరపాటు. లోతు తక్కువైన నీటిపై బలమైన గాలి వీచినప్పుడు కొలది నిమిషములలోనే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని నొకటి తరుముచు లేచును. అంచు ఎత్తు లేని దోనె నిండుటకు అట్టి అలలు కొన్ని చాలును. అడుగున బురద, పైన గుఱ్ఱపుడెక్క ఉన్న చోట ఈత వచ్చినవారు కూడ కాళ్లు చేతులు ఆడింపలేక అపాయమునకు లోనగుదురు.

నీటిపై వడదెబ్బ

శరీరము చెమట ఆరుట వలన చల్లబడును. గాలిలో తేమ అధికముగా నున్న చోట చెమట కారునే గాని త్వరగా ఆరదు. అందువలన సరస్సు తీరమునందలి ఎండ, పొడి ప్రదేశములందలి అంతకన్న హెచ్చు ఎండవలె బాధించును. భారత వాతావరణ శాఖవారు వడగాడ్పును నిర్ణయించుటకు మైదానములలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసము 40 డిగ్రీల సెల్సియస్ ఉండవలెనని నియమించిరి. సముద్రతీర ప్రాంతములకు 37 డిగ్రీలు చాలును. దానితోపాటు ఆ ఉష్ణోగ్రత అచ్చటి సాధారణ స్థాయికన్న 4.5 డిగ్రీలైనను ఎక్కువగా నుండవలెను.

పడవపై నీడ ఉండదు. పైనుండి ఎండ, క్రిందినుండి నీటిపై పడి తిరిగి కొట్టు వెలుగు రెండును శరీరమును తాకును. పిల్లగాలి వీచుచుండుటచే ఆ వేడి తెలియదు. చుట్టును నీరున్నను త్రాగదగిన నీరు చేతనుండదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశమున రెండు వేలకు మించి జనులు మరణించిరి; వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుట ఊరక కాదు.

తలనొప్పి, తల తిరుగుట, వాంతి, పిక్కలు పట్టుకొనుట, మూత్రము చిక్కని పసుపు రంగున వచ్చుట తొలి చిహ్నములు. ఇవి కనబడిన వెంటనే పని మాని నీడకు చేరవలెను. మాట తడబడుట, తికమక పడుట, నిలకడ తప్పుట, స్పృహ కోల్పోవుట, శరీరపు వేడి 40 డిగ్రీలు దాటుట వడదెబ్బ లక్షణములు. చెమట పట్టుచున్నది గావున ఇది వడదెబ్బ కాదని తలంపరాదు. కష్టించి పనిచేయువారికి చెమట పట్టుచుండగనే వడదెబ్బ తగులవచ్చును.

ఉరుముల మేఘము పుట్టు విధము

ఉదయము నుండి కాగిన నేల తనపైనున్న గాలిని వేడి చేయును. వేడియెక్కిన గాలి తేలికయై పైకి లేచును. సముద్రము నుండియు సరస్సుల నుండియు వచ్చిన తేమ దానితో కలిసి పైకి పోయి, చల్లబడి, మేఘమగును. మధ్యాహ్నమునకు కాలీఫ్లవర్ పువ్వువలె ఉబ్బిన ఈ మేఘము 10 కిలోమీటర్లకు మించిన ఎత్తువరకు పెరుగగలదు. దీనినే శాస్త్రజ్ఞులు క్యుములోనింబస్ మేఘమందురు. దీనిలోని మంచుకణముల రాపిడి వలన విద్యుత్తు పుట్టి, మెరుపుగను పిడుగుగను వెలువడును. వానతోపాటు చల్లని గాలి బరువుగా నేలకు దిగి నలుదిక్కులకు చిమ్మును. అదియే ఈదురుగాలి. ఇది తరచుగా వానకన్న ముందు వచ్చి పడవను తాకును.

అంతవరకు ఉక్కపోసి, గాలి స్తంభించి, పిమ్మట హఠాత్తుగా చల్లని గాలి తగిలినచో పడవవాడు హాయిగా నున్నదని సంతోషింపరాదు. అది గాలివాన రాకకు గుర్తు.

ఉరుము విన్న తరువాత వ్యవధి ఎంత?

మెరుపు కనబడిన క్షణము నుండి ఉరుము వినబడు వరకు సెకండ్లు లెక్కించి, ఆ సంఖ్యను 3తో భాగించినచో పిడుగు పడిన చోటు ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలియును. 30 సెకండ్లు పట్టినచో దూరము 10 కిలోమీటర్లు. మేఘము గంటకు 30 కిలోమీటర్ల వేగమున కదలినచో ఆ దూరమును 20 నిమిషములలో దాటును. గంటకు 4 కిలోమీటర్లు పోవు దోనె ఆ 20 నిమిషములలో ఒకటిన్నర కిలోమీటరైనను పోజాలదు. ఒడ్డు అంతకన్న దూరమున నున్నవానికి ఉరుము వినుట ఆలస్యమైన హెచ్చరికయే యగును. ఈ లెక్కను గ్రహించినవారికి రేవు విడుచుటకు ముందే సూచన చూచుకొనుట ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు.

సూచనను చదువు విధము

1875లో స్థాపింపబడిన భారత వాతావరణ శాఖ జిల్లాల వారీగా సూచనలను కొన్ని దినములకు ముందుగా వెలువరించుచున్నది. ఇవిగాక రాబోవు మూడు గంటలకు సంబంధించిన తక్షణ సూచనలను కూడ ఇచ్చుచున్నది. ఇందుకు మచిలీపట్నము, విశాఖపట్నము, హైదరాబాదు మొదలగు చోట్లనున్న డాప్లర్ రాడార్లు తోడ్పడును. సముద్రముపై పోవువారికి ఇచ్చు మత్స్యకారుల హెచ్చరిక వేరు. సరస్సుపై పోవువారు తమ జిల్లా సూచనను, మూడు గంటల సూచనను చూడవలెను.

ఆకుపచ్చ రంగు హెచ్చరిక లేదని తెలుపును. పసుపు రంగు కనిపెట్టి యుండుమని, నారింజ రంగు సిద్ధముగా నుండుమని, ఎరుపు రంగు వెంటనే రక్షణచర్య తీసికొనుమని చెప్పును. నారింజ, ఎరుపు రంగులున్న వేళ చిన్న పడవలను నీటిలోనికి దింపరాదు.

"ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన వాన" అను మాటను అనేకులు తేలికగా తీసికొందురు. జిల్లాలోని వర్షమాపక కేంద్రములలో నాలుగవ వంతుకు మించని వాటిలో వాన పడునని దాని అర్థము. వాన చిన్నదని అర్థము కాదు. ఆ ఒక్క చోటు సరస్సు నడిమి భాగమే కావచ్చును. తమ ఊర వాన పడని దినమున సూచన తప్పినదని నిందించి, మరునాడు దానిని లక్ష్యపెట్టకుండుట అపాయకరము. గాలి "గంటకు 40 నుండి 50 కిలోమీటర్ల వేగమున" వీచునని చెప్పినచో, దానిని ఎదిరించి దోనెను నడుపుట మనుష్యశక్తికి మించిన పని.

వాతావరణ శాఖవారి "మౌసమ్", పూనే యందలి ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారి "దామిని" సెల్‌ఫోనులలో పనిచేయును. దామిని 20, 40 కిలోమీటర్ల పరిధిలోని పిడుగులను గూర్చి హెచ్చరించును. ఫోనులో సంకేతము అందని చోట్లకు పోవువారు రేవులోనే సూచన చూచుకొని, ఒడ్డుననున్న వారికి తాము పోవు దిక్కును, తిరిగి వచ్చు వేళను చెప్పి పోవలెను.

పడవ కదలుటకు ముందు

ఒక పూట వేట మానుట పేద కుటుంబమునకు చిన్న నష్టము కాదు. అందుచేత వేటను మానుటకన్న దాని వేళను మార్చుకొనుట మేలు. తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదరకముందు, అనగా పదకొండు గంటల లోపల ఒడ్డు చేరినచో వడదెబ్బ భయమును, సాయంకాలపు గాలివాన భయమును చాలవరకు తొలగును.

ప్రతివాడును త్రాగునీరు వెంట గొనిపోయి, దాహము వేయకున్నను మాటిమాటికి త్రాగవలెను. మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. ద్రావణము మంచివి. తలపాగా, పలుచని నూలు వస్త్రములు ధరింపవలెను. మద్యము సేవించి పడవ ఎక్కరాదు.

లైఫ్ జాకెట్టును పడవలో నుంచుకొనుట చాలదు, రేవులోనే తొడుగుకొనవలెను. 2018 మే 15న గోదావరిపై దేవీపట్నము మండలమున మంటూరు వద్ద ప్రయాణికుల లాంచీ పెనుగాలికి చిక్కి మునిగెను. వానజల్లు రాకుండ తలుపులు, కిటికీలు మూసియుండుటచే లోపలివారు అనేకులు వెలుపలికి రాలేక మరణించిరి. ఏ లాంచీలోనైనను గాలివాన వేళ వెలుపలికి పోవు దారులను మూయరాదు. తడియుట వలన ప్రాణాపాయము లేదు.

నీటి నడుమ గాలివాన పట్టుకొన్నచో

విశాలమైన నీటిపై అన్నిటికన్న ఎత్తుగా నుండునది పడవలో నిలువబడిన మనుష్యుడు, అతని చేతి గడ. కనుక గడను, తెరచాప కొయ్యను దింపి, వలను వదలి, అందరును పడవ నడుమ క్రుంగి కూర్చుండవలెను. నీటిలో చేయి పెట్టరాదు. లోహపు వస్తువులను తాకరాదు. పడవ ముక్కును అలలకు ఎదురుగా నుంచవలెను. దగ్గరలోని ఒడ్డునకే పోవలెను. స్వగ్రామపు రేవే కావలెనని పట్టుపట్టరాదు.

ఒడ్డు చేరిన పిమ్మట తాడిచెట్టు క్రిందను, గట్టుమీది గుడిసెలోను నిలువక పక్కా ఇంటిలోనికి పోవలెను. చేపల చెరువులపై పనిచేయువారు ఉరుములు ఆగువరకు విద్యుత్ మోటార్లను, స్విచ్చులను ముట్టరాదు. చివరి ఉరుము వినబడిన తరువాత 30 నిమిషముల వరకు తిరిగి నీటిపైకి పోరాదు.

ప్రథమ చికిత్స

వడదెబ్బ తగిలినవానిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండ నీరు పోసి విసరవలెను. మెడ, చంకలు, గజ్జలయందు తడిగుడ్డలు ఉంచవలెను. స్పృహ లేనివానికి నోట ఏమియు పోయరాదు. 108కి ఫోను చేసి, వాహనము వచ్చులోగా చల్లబరచుట ఆపకుండవలెను.

పిడుగుపాటుకు గురియైనవాని శరీరమున విద్యుత్తు నిలిచియుండదు. తాకినచో అపాయము లేదు. శ్వాస ఆగినచో వెంటనే రొమ్ము నడుమ నిమిషమునకు 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కవలెను. నీట మునిగినవానికి శ్వాస లేనిచో మొదట నోటితో ఊపిరి పోసి, పిమ్మట రొమ్ము నొక్కవలెను. కడుపు నొక్కి నీరు కక్కించుటకు, కాళ్లు పట్టి త్రిప్పుటకు కాలము వ్యర్థము చేయరాదు.

ప్రతి రేవులోను ఆనాటి సూచనను, ఒడ్డు చేరవలసిన వేళను పలకపై వ్రాయుట పంచాయతీలకు కష్టమైన పని కాదు. చదువురానివారికి దానిని చదివి వినిపించుట, తిరిగి రాని పడవను గూర్చి వేళ మించకముందే విచారించుట గ్రామమందలి అందరి బాధ్యత.