షాదీ కార్డు మీది, ఫాంటు ఎవరిది? ఫ్రీ లైసెన్స్‌లలోనూ తేడా ఉంది

బెజవాడలో మన ఇళ్లలో షాదీ కార్డు వేయించాలంటే చాలాసార్లు రెండు లిపులు కావాలి. ఒకవైపు ఉర్దూ, ఇంకోవైపు తెలుగు. డీటీపీ షాపుల్లో ఉర్దూకి ఇన్‌పేజ్, తెలుగుకి అను ఫాంట్లు ఏళ్ల తరబడి అలవాటు. రెండూ డబ్బు పెట్టి కొనాల్సినవే. కానీ పెన్‌డ్రైవ్‌లో చేతులు మారిన కాపీతో పని కానిచ్చేవాళ్లూ ఉన్నారు. అడిగితే "అందరూ వాడేదేగా భాయ్" అంటారు.

చట్టం అలా అనదు. 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చిన్న షాపుకి ఇది మాటలు కాదు.

మరి దారేంటి? ఓపెన్ సోర్స్ ఫాంట్లు. అయితే ఫ్రీ అంటే షరతులు లేవని కాదు. అన్ని ఫ్రీ లైసెన్స్‌లూ ఒకటి కాదు. వ్యాపారి ముందు చూడాల్సింది అదే.

జీపీఎల్‌తో వచ్చిన అనుమానం

జీపీఎల్ అనేది ప్రోగ్రాముల కోసం రాసిన లైసెన్స్. ఆ కోడ్ కలిపి తయారు చేసినదాన్ని పంచితే, అవే షరతులతో సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. మరి ఫాంటును పీడీఎఫ్‌లో ఎంబెడ్ చేస్తే ఆ పీడీఎఫ్‌కి కూడా షరతు అంటుకుంటుందా? ఈ అనుమానం తీర్చడానికే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 'ఫాంట్ మినహాయింపు' అని ఒక వాక్యం జోడించుకోమంది. అది ఉందో లేదో ప్రతిసారీ వెతుక్కోవాలంటే కంపెనీలు వెనకాడతాయి.

2007లో వచ్చిన ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ (ఓఎఫ్‌ఎల్) 1.1 ఈ చిక్కు తీసేసింది. ఫాంటుతో తయారు చేసిన డాక్యుమెంటుకి షరతులు వర్తించవని అందులోనే రాసి ఉంది. 2011లో రెడ్ హ్యాట్ కంపెనీ లోహిత్ తెలుగుతో సహా లోహిత్ ఫాంట్లను జీపీఎల్ నుంచి ఓఎఫ్‌ఎల్‌కి మార్చింది.

దివిసీమ పేరున్న ఫాంటు

'మండలి' ఫాంటు చూసే ఉంటారు. 1975లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరు పెట్టారు. సిలికానాంధ్ర ఓఎఫ్‌ఎల్ కింద విడుదల చేసిన ఫాంట్లలో ఇదొకటి. గురజాడ, గిడుగు, తెనాలి రామకృష్ణ కూడా ఆ వరుసలోవే. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఉర్దూ సంగతి ఇంకా ఆసక్తికరం. నోటో నస్తలీఖ్ ఉర్దూ గూగుల్ ఫాంటు. 2015లో నోటో ఫాంట్లు ఓఎఫ్‌ఎల్‌లోకి వచ్చాయి. 2017లో ఐఓఎస్ 11తో ఆపిల్ దాన్ని ఐఫోన్‌లో పెట్టింది. పోటీ కంపెనీ ఫాంటే అయినా విడిగా అనుమతి అడగక్కర్లేదు, లైసెన్స్ ముందే ఇచ్చేసింది.

షాపువాళ్లు ఏం చేయొచ్చు?

ఓఎఫ్‌ఎల్ ఫాంటుతో కార్డులు, ఫ్లెక్సీలు, పుస్తకాలు వేసి డబ్బు తీసుకోవచ్చు. వెబ్‌సైట్‌లో, యాప్‌లో పెట్టుకోవచ్చు. ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. ఒట్టి ఫాంటును మాత్రం అమ్మకూడదు. అక్షరాలు మార్చి పంచితే అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. అసలు పేరును రిజర్వ్ చేసి ఉంటే కొత్త పేరు పెట్టాలి.

లైసెన్స్ ఒక్కటే అన్నీ తీర్చదు. ఇవి యూనికోడ్ ఫాంట్లు, పాత పేజ్‌మేకర్‌లో తెలుగు సరిగా రాదు. పాత అను ఫైళ్లను కన్వర్ట్ చేసుకోవాలి. కొన్నాళ్లు చేతి వేగం తగ్గుతుంది. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

కాబట్టి ముందు కొత్త కార్డులతో మొదలుపెట్టండి. ఫాంటు డౌన్‌లోడ్ చేశాక జిప్ ఫైల్‌లో లైసెన్స్ కాగితం ఉందా చూడండి. ఉంటే ఫాంటుతో పాటే దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అదే మీ రసీదు.